ఎంత జాగా పడితే అంత రుసుము: పార్కింగ్ ధరలు నిర్ణయించే నగర పాలకులకు బహిరంగ లేఖ

నగరాల్లో పార్కింగ్ రుసుములు ఖరారు చేసే కమిషనర్లకు, మేయర్లకు, పాలకమండలి సభ్యులకు, ట్రాఫిక్ ఇంజనీర్లకు,

నమస్కారం.

ఈ విషయం మీద మీకు వినతిపత్రాలు ఇచ్చి చాలాకాలమైంది. మొదట "పరిశీలిస్తాం" అన్నారు. తర్వాత వెళ్లి అడిగితే ఫైలు ఇంకో విభాగానికి పంపామన్నారు, అక్కడికి వెళ్తే ఇది విధాన నిర్ణయం కాబట్టి పాలకమండలి తేల్చాలన్నారు, సభ్యుల్ని కలిస్తే అధికారుల నుంచి ప్రతిపాదన రానివ్వండి చూద్దాం అన్నారు. కాదని ఎవరూ అనలేదు, అవుననీ ఎవరూ అనలేదు. అందుకే ఇప్పుడు అందరికీ కలిపి ఒకే ఉత్తరం, జనం కూడా చదివేలా రాస్తున్నాం. మీ మీద ఉండే ఒత్తిళ్లు మాకు తెలియనివి కావు, పార్కింగ్ ధరల జోలికి వెళ్తే ఎంత గొడవ అవుతుందో ఊహించగలం. అయినా ఈ పని మీరు చేయాల్సిందే, ఇంకెవరి చేతిలోనూ లేదు.

మేం అడుగుతున్నది చిన్న విషయం. రోడ్డు పక్కనైనా, నగరపాలక సంస్థ నడిపే పార్కింగ్ స్థలంలోనైనా, కారు ఎంత జాగా తీసుకుంటే అంత రుసుము వసూలు చేయండి. ఇప్పుడు చాలా నగరాల్లో లెక్క ఎలా ఉందంటే కారు అంటే కారే. మూడున్నర మీటర్ల బండికీ ఐదు మీటర్ల బండికీ గంటకు ఒకటే రేటు. ఇంటి పన్ను వేసేటప్పుడు విస్తీర్ణం చూస్తారు, హోర్డింగుకు అనుమతి ఇచ్చేటప్పుడు కొలతలు తీసుకుంటారు, రోడ్డు మీద ఆగి ఉన్న బండి దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆ టేపు పక్కన పెట్టేస్తున్నారు. అది ప్రజల స్థలం. అందులో ఎక్కువ వాడుకున్నవాళ్లు ఎక్కువ కట్టాలనడంలో అన్యాయం ఏముందో మాకు అర్థం కావడం లేదు.

కార్లు ఎంత పెరిగాయో మీ ఇంజనీర్లకు బాగా తెలుసు, కానీ పాలకమండలిలో ఓటు వేసేవాళ్లకు కూడా తెలియాలి కాబట్టి చెబుతున్నాం. 1974లో వచ్చిన మొదటి ఫోక్స్‌వాగన్ గోల్ఫ్ పొడవు సుమారు 3.7 మీటర్లు, వెడల్పు 1.61 మీటర్లు. అదే పేరుతో ఇప్పుడు వస్తున్న కారు దాదాపు 4.28 మీటర్ల పొడవు, 1.79 మీటర్ల వెడల్పు. ఇది పెద్ద కారు కూడా కాదు, మధ్యతరగతి కుటుంబాలు కొనుక్కునే మామూలు కారు. యూరప్‌లో ట్రాన్స్‌పోర్ట్ అండ్ ఎన్విరాన్‌మెంట్ అనే సంస్థ 2024 జనవరిలో ఇచ్చిన లెక్క ప్రకారం అక్కడి కొత్త కార్ల సగటు వెడల్పు 2018లో 177.8 సెంటీమీటర్లు, 2023 మొదటి ఆరు నెలల్లో 180.3. అంటే రెండేళ్లకు ఒక సెంటీమీటరు చొప్పున ఉబ్బుతున్నాయి. అక్కడ చాలా దేశాల్లో రోడ్డు పక్క పార్కింగ్ గీతకు కనీస వెడల్పు 180 సెంటీమీటర్లు, కొత్తగా అమ్ముడయ్యే కార్లలో దాదాపు సగం ఆ గీతల్లో పట్టడం లేదని ఆ సంస్థే తేల్చింది. ఇక అంతర్జాతీయ ఇంధన సంస్థ లెక్కల్లో 2023లో ప్రపంచమంతటా అమ్ముడైన కార్లలో 48 శాతం ఎస్‌యూవీలే. రోడ్లేమో అవే, గోడలూ అవే, పేవ్‌మెంట్లు ఉన్నంత మేర అవే. పెరిగింది బళ్లు మాత్రమే, ఆ పెరిగిన భాగం ఎవరో ఒకరి చోటు తీసుకుని పెరిగిందే.

దీని వల్ల మామూలు జనానికి ఏం జరుగుతోందో చెబుతాం.

1. పార్కింగ్ దొరకడం తగ్గిపోతోంది. ఇది లెక్క వేసి చూడొచ్చు. వంద మీటర్ల రోడ్డు అంచు తీసుకోండి, బండికీ బండికీ మధ్య మీటరు ఖాళీ వదలండి. 3.6 మీటర్ల కార్లయితే 21 పడతాయి. 5 మీటర్ల కార్లయితే 16. ఒక వీధికి ఐదు బళ్ల జాగా పోయింది, కొత్తగా ఒక్క కారు కూడా రాకుండానే! తర్వాత మీకు వినతులు వస్తాయి, పార్కింగ్ చాలడం లేదు, పేవ్‌మెంటు తగ్గించి స్థలం పెంచండి, చెట్లు కొట్టేయండి అని. ఒకసారి తగ్గించిన పేవ్‌మెంటు మళ్లీ పెరిగిన సందర్భం మేమైతే ఎక్కడా చూడలేదు.

2. అగ్నిమాపక శకటం, అంబులెన్సు. మాకు అన్నిటికంటే టెన్షన్ పెట్టే విషయం ఇదే, దయచేసి దీన్ని మాత్రం పైపైన చదివి వదలొద్దు. ఆరు మీటర్ల వీధి, రెండు వైపులా కార్లు. అవి 1.6 మీటర్ల వెడల్పువి అయితే మధ్యలో 2.8 మీటర్లు మిగులుతుంది. ఫైరింజను వెడల్పు సుమారు రెండున్నర మీటర్లు ఉంటుంది, డ్రైవరు నేర్పు ఉన్నవాడైతే ఎలాగోలా దాటించేస్తాడు. అదే వీధిలో రెండు వైపులా రెండు మీటర్ల వెడల్పు బళ్లు ఆగితే మధ్యలో మిగిలేది రెండు మీటర్లు. పక్కకు పొడుచుకొచ్చిన అద్దాలు కూడా లెక్కేస్తే ఇంకా తక్కువ. అక్కడ ఎంత నేర్పున్న డ్రైవరైనా చేసేదేమీ లేదు. బళ్లన్నీ గీతల లోపలే, నిబంధనల ప్రకారమే, రుసుము కట్టే ఆగి ఉంటాయి, ఎవరినీ తప్పుపట్టలేం, కానీ ఇల్లు తగలబడుతుంటే నీళ్ల బండి వీధి చివర ఆగిపోతుంది. వీధి కొలతలు మీ దగ్గర ఉన్నాయి, బళ్ల కొలతలు రిజిస్ట్రేషన్ రికార్డుల్లో ఉన్నాయి. ఈ రెండూ పక్కపక్కన పెట్టి ఏ వీధుల్లో దారి మూసుకుపోతుందో చూసిన విభాగం ఏదైనా ఉందా? ఉంటే ఆ జాబితా బయటపెట్టండి.

3. తలుపులు తెరవలేకపోవడం. పార్కింగ్ స్థలాల్లో ఒక్కో గడి మామూలుగా 2.4 లేదా 2.5 మీటర్ల వెడల్పు గీస్తారు. రెండు మీటర్ల బండి సరిగ్గా మధ్యలో నిలిపినా పక్కన పాతిక సెంటీమీటర్లకు మించి ఉండదు, అలాంటివి రెండు పక్కపక్కన ఆగాయంటే మధ్యలో అర మీటరు కూడా కష్టమే. కుర్రవాళ్లు ఒళ్లు ఒంచుకుని దిగిపోతారు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు, గర్భిణులు, చంకలో పిల్లను ఎత్తుకున్నవాళ్లు ఎలా దిగాలి? చక్రాల కుర్చీ బయటికి తీయడం సంగతి సరేసరి. ఇబ్బంది పడేది పెద్ద కారు కొనుక్కున్న మనిషి ఒక్కడే అయితే ఆయన ఎంచుకున్నదే అనుకోవచ్చు, కానీ పక్క గడిలో చిన్న కారు పెట్టుకున్నవాళ్లకు కూడా తలుపు తెరుచుకోదు.

4. పిల్లలు కనిపించరు. నాలుగేళ్ల పిల్ల ఎత్తు సుమారు ఒక మీటరు. ఇప్పుడొచ్చే పెద్ద బళ్లలో బానెట్టే ఆ ఎత్తుకు వస్తోంది. రోడ్డు దాటే చోట అలాంటి బండి ఒకటి ఆగి ఉంటే దాని చాటునుంచి వచ్చే పిల్ల డ్రైవరుకు కనబడదు, ఆ పిల్లకు వచ్చే బండీ కనబడదు. తగిలినప్పుడు దెబ్బ కూడా వేరుగా ఉంటుంది, తక్కువ ఎత్తు కారు కాళ్లకు తగిలితే ఇవి ఛాతీకీ తలకూ తగులుతాయి. అమెరికాలో రోడ్డు భద్రత మీద పరిశోధన చేసే ఐఐహెచ్ఎస్ సంస్థ పాదచారులకు జరిగిన దాదాపు 18 వేల ప్రమాదాలను పరిశీలించి 2023లో ఫలితాలు ఇచ్చింది. బానెట్ ఎత్తు 40 అంగుళాలు, అంటే సుమారు మీటరు దాటిన బళ్లు గుద్దితే, 30 అంగుళాల లోపు ఉండి ముందుభాగం వాలుగా ఉన్న బళ్లతో పోలిస్తే, ప్రాణం పోయే అవకాశం సుమారు 45 శాతం ఎక్కువట. ఆ సంస్థ బీమా కంపెనీల డబ్బుతో నడిచేది, కార్లంటే గిట్టనివాళ్లు పెట్టింది కాదు.

5. కారే లేనివాళ్లు. నగరంలో నడిచేవాళ్లు, బస్సెక్కేవాళ్లు, సైకిల్ తొక్కేవాళ్లు కూడా పన్నులు కడుతున్నారు. రోడ్డు పక్క జాగా వాళ్లది కూడా. చవగ్గా ఇచ్చిన ప్రతి పెద్ద గడి వెనక వాళ్ల వాటా ఉంది.

ఇది మేం కొత్తగా కనిపెట్టిన ఆలోచన కాదు. బరువైన కార్లకు పార్కింగ్ రుసుము పెంచాలా అని పారిస్‌లో 2024 ఫిబ్రవరి 4న జనాన్నే అడిగారు, ఓటేసినవాళ్లలో దాదాపు 54.5 శాతం సరేనన్నారు. ఓటింగుకు వచ్చింది ఆరు శాతంలోపే, ఆ మాట దాచాల్సిన పని లేదు, కానీ వద్దనుకున్నవాళ్లకు కూడా అదే రోజు అవే తలుపులు తెరిచి ఉన్నాయి. అదే ఏడాది అక్టోబరు 1 నుంచి బయటి నుంచి వచ్చే బరువైన కార్లకు నగర నడిబొడ్డున గంటకు 6 యూరోల బదులు 18, మిగతా ప్రాంతాల్లో 4 బదులు 12 వసూలు చేస్తున్నారు. పెట్రోలు, డీజిలు, హైబ్రిడ్ కార్లయితే 1.6 టన్నులు, విద్యుత్ కార్లయితే 2 టన్నులు దాటితే ఈ రేటు. జర్మనీలో ట్యూబింగెన్ అనే చిన్న నగరం అంతకుముందే మొదలుపెట్టింది, వీధిలో కారు పెట్టుకునే నివాసులకు అప్పట్లో ఏడాదికి 120 యూరోలు, బరువైన కారుకు 180 పెట్టింది.

ఇదే జర్మనీలో ఫ్రైబుర్గ్ నగరానికి కోర్టులో ఎదురుదెబ్బ తగిలింది, ఆ సంగతి మీ న్యాయ విభాగం ఎలాగూ చెబుతుంది కాబట్టి మేమే చెబుతున్నాం. అక్కడ కారు పొడవును బట్టి ఏడాదికి 240, 360, 480 యూరోలు పెట్టారు. 4.2 మీటర్ల దాకా 240, 4.7 మీటర్లు దాటితే 480. అర మీటరు తేడాకు రుసుము రెట్టింపు కావడం మరీ ఎక్కువని అక్కడి అత్యున్నత పరిపాలనా న్యాయస్థానం 2023 జూన్‌లో కొట్టేసింది, నిబంధనను తెచ్చిన పద్ధతిలో కూడా లోపాలున్నాయంది. పొడవును బట్టి వేరువేరు రుసుము పెట్టడమే తప్పని మాత్రం అనలేదు. మనం నేర్చుకోవాల్సింది ఏమిటంటే రుసుములో ఒక్కసారిగా పెరిగే రెండు మూడు పెద్ద మెట్లు కట్టొద్దు. చదరపు మీటరుకు ఇంత అని పెడితే ఆ సమస్యే రాదు.

బరువా, కొలతా అన్నది కూడా తేల్చుకోవాలి. పారిస్, ట్యూబింగెన్ బరువు చూశాయి, ఎందుకంటే అది పత్రాల్లో రాసి ఉంటుంది, చూడటం తేలిక. మా అభిప్రాయం వేరు. పార్కింగ్ అంటే జాగా, కాబట్టి పొడవును వెడల్పుతో గుణించి వచ్చిందే కొలమానం కావాలి. బరువు పెట్టగానే విద్యుత్ కార్ల గొడవ మొదలవుతుంది, బ్యాటరీ వల్ల వాటి బరువు కొన్ని వందల కిలోలు పెరుగుతుంది, వాటికి వేరే పరిమితి పెట్టాలి, హైబ్రిడ్ ఎటు చేర్చాలో తేల్చాలి. విస్తీర్ణానికి ఏ ఇంధనమైనా ఒకటే. బరువైన కార్ల వల్ల రోడ్లు పాడవుతున్నాయని కొందరు మిత్రులు అంటుంటారు, ఆ వాదన మేం చేయడం లేదు. 1950ల చివర్లో అమెరికాలోని ఇల్లినాయ్‌లో జరిగిన రోడ్డు పరీక్షల దగ్గర్నుంచి ఇంజనీర్లు చెప్పేదేమిటంటే, ఇరుసు మీద బరువు రెండింతలైతే రోడ్డుకు నష్టం సుమారు పదహారింతలు. ఆ లెక్కన రోడ్డును అరగదీసేవి లారీలు, బస్సులు. కార్ల మధ్య తేడా వాటి ముందు ఎంతో కాదు. చేతిలో గట్టి వాదనలు ఉండగా బలహీనమైనది పట్టుకోవడం దేనికి?

ఇప్పుడు అభ్యంతరాలు. పెద్ద కుటుంబాల సంగతేమిటని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. కానీ ఏడుగురు కూర్చునే బండి ఖరీదు, ఇంధనం, బీమా అన్నీ ఎక్కువే ఉంటాయి, వాటి గురించి ఎవరూ నగరపాలక సంస్థను నిలదీయడం లేదు. పైగా మేం అడిగే పెంపు ఎంతో చూడండి. 4.3 మీటర్ల పొడవు, 1.8 మీటర్ల వెడల్పున్న మధ్యరకం కారుకు ఇప్పుడున్న రుసుమే ఉంచుదాం, అది 7.7 చదరపు మీటర్లు. ఆ లెక్కన 3.6 మీటర్ల పొడవు, 1.6 మీటర్ల వెడల్పున్న చిన్న కారుకు రుసుము దాదాపు పాతిక శాతం తగ్గుతుంది, 5 మీటర్ల పొడవు, 2 మీటర్ల వెడల్పున్న కారుకు సుమారు 30 శాతం పెరుగుతుంది. పారిస్ లాగా మూడింతలు కాదు. కుటుంబం కోసం పెద్ద బండి తప్పనిసరైన మనిషిని ఈ 30 శాతం రోడ్డున పడేయదు, ఏది కొనాలా అని ఇంకా తేల్చుకోని మనిషిని మాత్రం ఒక్క క్షణం ఆలోచింపజేస్తుంది.

ఇది ఖజానా నింపుకునే ఎత్తుగడ అని కూడా అంటారు. అందుకే చిన్న కార్లకు తగ్గించమని అడుగుతున్నాం. పెంచడమే చేసి తగ్గించకపోతే జనం నమ్మరు, నమ్మకపోవడమే సరైనది కూడా. రిజిస్ట్రేషన్ అప్పుడే పన్ను కట్టేశాం కదా అనేవాళ్లకు ఒక మాట: ఆ పన్ను బండి నడపడానికి, పార్కింగ్ రుసుము ఒకే చోట గంటల తరబడి ఆపి ఉంచడానికి. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో దశాబ్దాల పాటు పార్కింగ్ మీదే పనిచేసిన ఆర్థికవేత్త డొనాల్డ్ షూప్, కారు తన జీవితంలో దాదాపు 95 శాతం సమయం ఆగే ఉంటుందని చెబుతుండేవారు. అంత సేపు ఆగి ఉండే వస్తువుకు ఆగిన చోటు లెక్క సరిగ్గా ఉండాలి కదా.

నగరం ఒక్కటే ఇలాంటివి మార్చలేదు, కార్ల కంపెనీలు మారాలి అని ఒక అధికారి మాతో అన్నారు. జపాన్‌ను చూడండి. 3.4 మీటర్ల పొడవు, 1.48 మీటర్ల వెడల్పు మించని చిన్న కార్లను అక్కడ కేయ్ కార్లు అంటారు, వాటికి పన్ను తక్కువ. చాలా నగరాల్లో మామూలు కారు కొనాలంటే 1962 నుంచి ఉన్న చట్టం ప్రకారం ముందు పార్కింగ్ జాగా చూపించాలి. ఇప్పుడు అక్కడ అమ్ముడయ్యే కొత్త కార్లలో దాదాపు మూడో వంతు కేయ్ కార్లే. నిబంధనలు ఉంటే కంపెనీలు వాటికి తగ్గట్టు చిన్న బళ్లు తయారుచేసి అమ్ముకుంటాయి. మీరు ఏమీ అనకపోతే లాభం ఎక్కువొచ్చే పెద్దవే అమ్ముతాయి.

కాబట్టి మా డిమాండ్లు:

1. పార్కింగ్ రుసుమును చదరపు మీటరు లెక్కన నిర్ణయించండి. పెద్ద పెద్ద మెట్లు వద్దు. చిన్న కార్లకు రుసుము తగ్గే తేదీ, పెద్ద కార్లకు పెరిగే తేదీ ఒకటే ఉండాలి.

2. నివాసులను మినహాయించకండి. పారిస్‌లో స్థానికులకు మినహాయింపు ఇచ్చారు, మా దృష్టిలో అక్కడ పని సగమే జరిగింది, ఎందుకంటే రాత్రింబగళ్లు వీధిలో ఉండేవి స్థానికుల బళ్లే. ఇప్పటికే పెద్ద కారు ఉన్నవాళ్లకు గడువు ఇవ్వండి, మొదటి ఏడాది పెంపులో సగమే వసూలు చేయండి. కానీ పూర్తిగా వదిలేయొద్దు.

3. వికలాంగుల బళ్లకు, చక్రాల కుర్చీ ఎక్కించే ఏర్పాటు ఉన్న వాహనాలకు పెంపు అసలు వర్తించకూడదు. పనిముట్లతో తిరిగే ప్లంబర్లు, ఎలక్ట్రీషియన్లు, ఇంటికొచ్చి చూసే నర్సుల లాంటివాళ్లకు పనివేళల్లో మామూలు రేటుకే పర్మిట్ ఇవ్వండి. ఈ పర్మిట్ కోసం వాళ్లను ఆఫీసుల చుట్టూ తిప్పకండి.

4. రోడ్డు దాటే చోట్లకు ముందు ఐదు మీటర్ల మేర కార్లు ఆపనివ్వకండి, ఏ సైజువైనా సరే. ఫ్రాన్స్‌లో 2019 నాటి చట్టం ఇందుకు 2026 చివరి దాకా గడువు పెట్టింది. ఆ ఖాళీల్లో సైకిల్ స్టాండ్లు పెట్టుకోవచ్చు, చూపుకు అడ్డం రావు.

5. ఫైరింజను పట్టని వీధుల జాబితా తయారుచేసి బయటపెట్టండి. ఆ వీధుల్లో ఒక వైపు పార్కింగ్ వెంటనే తీసేయండి. దీనికి రుసుముల నిర్ణయం దాకా ఆగాల్సిన అవసరం లేదు, మీ దగ్గర ఇప్పుడున్న అధికారం చాలు.

6. అదనంగా వచ్చిన డబ్బు ఎంతో, ఏ వీధి పేవ్‌మెంటుకు ఖర్చు పెట్టారో ఏటా లెక్క ప్రకటించండి. ఆ లెక్క సామాన్యులకు అర్థమయ్యే భాషలో, ఒక పేజీలో ఉండాలి.

ఈ ఆరింటిలో ఏవి చేస్తారో, ఏవి చేయరో, చేయనివి ఎందుకు చేయరో మాకు రాతపూర్వకంగా జవాబు కావాలి. వచ్చే బడ్జెట్ సమావేశాల ముందే దీన్ని ఎజెండాలో పెట్టి, పాలకమండలిలో చేతులెత్తి ఓటు వేయండి. ఎవరు ఎటు ఓటేశారో జనానికి తెలియాలి. "పరిశీలిస్తాం" అన్న జవాబును ఈసారి మేం జవాబుగా తీసుకోం.

ఇట్లు,
ఇదే వీధుల్లో నడిచే, బస్సెక్కే, చిన్న కార్లూ పెద్ద కార్లూ నడిపే నగరవాసులు